చిన్న పడవలలో నౌకాయాన దీపాల మరమ్మతు

నౌకాయాన దీపాలు అనగా రాత్రి వేళ ఒక పడవ ఉనికిని, అది పోవుచున్న దిశను, అది చేయుచున్న పనిని ఇతర పడవలకు, ఓడలకు తెలియజేయు రంగు దీపాలు. మత్స్యకారుల వాడుకలో వీటిని నావిగేషన్ లైట్లు లేదా సిగ్నల్ లైట్లు అంటారు. చిన్న మరపడవలలో ఇవి సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీతో వెలుగుతాయి. ఏళ్ళు గడిచిన పడవలలో ఉప్పుగాలి, తేమ, ఇంజను అదురు వలన ఈ దీపాలకు పోవు తీగలు, జాయింట్లు, హోల్డర్లు పాడగుట సర్వసాధారణం. దీపం పూర్తిగా ఆరిపోయిన లోపం కంటికి కనబడుతుంది. దీపం మసకబారిన లోపం మాత్రం పడవలో ఉన్నవారికి తెలియదు, దూరం నుండి వచ్చే ఓడకే తెలుస్తుంది. అందువలన ఈ లోపాలను ఒక క్రమంలో వెదకి సరిచేయు పద్ధతి తెలిసి ఉండుట అవసరం. ఈ వ్యాసం దీపాల నియమాలను, లోపాలకు గల కారణాలను, వాటిని కనుగొను విధానాన్ని వివరిస్తుంది.

దీపాల రకాలు, నియమాలు

సముద్రంపై ఓడలు, పడవలు ఢీకొనకుండా నివారించుటకు ఏర్పడిన అంతర్జాతీయ ఒప్పందం 1972 అక్టోబరు 20న లండనులో ఆమోదం పొంది, 1977 జూలై 15 నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వమే 1889లో వాషింగ్టన్ నగరంలో జరిగిన అంతర్జాతీయ నౌకా సమావేశంలో దీపాల నియమాలను గూర్చి దేశాల మధ్య చర్చ జరిగింది. ఒప్పందంలోని 20వ నియమం ప్రకారం సూర్యాస్తమయం నుండి సూర్యోదయం వరకు దీపాలు వెలుగుచుండవలెను. పగటి వేళ కూడా పొగమంచు, భారీ వర్షం వంటి కారణాల వలన దృష్టి ఆననపుడు వీటిని వెలిగించవలెను. వేరే దీపాలేవీ వీటిని మరుగుపరచునట్లు గానీ, వీటిగా పొరపాటు పడునట్లు గానీ ఉండరాదు.

ముఖ్యమైన దీపాలు ఇవి:

* పక్క దీపాలు - పడవ ముందుకు తిరిగి నిలబడిన వ్యక్తికి ఎడమ వైపున ఎరుపు, కుడి వైపున పచ్చ. ఒక్కొక్కటి సరిగ్గా ముందు నుండి పక్కకు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనబడవలెను. ఇరవై మీటర్ల కంటె తక్కువ పొడవు గల పడవలలో ఈ రెంటినీ కలిపి ఒకే పెట్టెలో మధ్య గీతపై అమర్చవచ్చును.
* స్తంభ దీపం - తెలుపు. ముందు వైపు 225 డిగ్రీల మేర కనబడుతుంది.
* వెనుక దీపం - తెలుపు. అమరం (పడవ వెనుక భాగం) నుండి 135 డిగ్రీల మేర కనబడుతుంది.
* చుట్టు దీపం - 360 డిగ్రీలూ కనబడునది. లంగరు వేసిన పడవ తెల్లని చుట్టు దీపాన్ని చూపుతుంది.

స్తంభ దీపపు 225 డిగ్రీలు, వెనుక దీపపు 135 డిగ్రీలు కలిసి సరిగ్గా 360 డిగ్రీలగును. రెండు పక్క దీపాల మొత్తం కూడా 225 డిగ్రీలే. కనుక ఏ వైపు నుండి చూచినా ఏదో ఒక దీపం కనబడి తీరుతుంది. ఒక్క దీపం ఆరిపోయినచో ఈ వలయంలో ఒక ముక్క చీకటి పడినట్లే.

12 మీటర్ల కంటె తక్కువ పొడవు గల మరపడవ, స్తంభ దీపం మరియు వెనుక దీపాలకు బదులు ఒకే తెల్లని చుట్టు దీపాన్ని, దానితో పాటు పక్క దీపాలను చూపవచ్చును. ఈ తరగతి పడవల పక్క దీపాలు కనీసం 1 నాటికల్ మైలు (1,852 మీటర్లు) దూరానికి, మిగిలినవి 2 నాటికల్ మైళ్ళ దూరానికి కనబడవలెను. 7 మీటర్ల లోపు పొడవుండి, 7 నాట్ల వేగానికి మించి పోలేని పడవకు తెల్లని చుట్టు దీపం చాలును. వీలయినచో పక్క దీపాలు కూడా ఉండవలెను. తెడ్లతో నడిచే పడవలో కనీసం ఒక టార్చి లైటు చేతికి అందుబాటులో ఉండవలెను.

వేటలో ఉన్న పడవలకు ప్రత్యేక దీపాలున్నవి. ట్రాలు వల లాగుచున్న పడవ పైన పచ్చ, దాని క్రింద తెలుపు చుట్టు దీపాలను చూపవలెను. ఇతర విధములైన వేటలో ఉన్న పడవ పైన ఎరుపు, క్రింద తెలుపు చూపవలెను.

తెలుగు తీరంలో

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం మొదలయిన చోట్ల నుండి మరపడవలు, ఫైబర్ బోట్లు వేటకు పోతాయి. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలు కొయ్య పడవల నిర్మాణానికి పూర్వం నుండి ప్రసిద్ధి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉన్నది. 2015 నుండి ఈ వ్యవధి అమలులో ఉన్నది. ఈ రెండు నెలలలోనే పడవలను ఒడ్డుకు చేర్చి చెక్క పని, రంగులు, ఇంజను మరమ్మతులు చేయించుట ఆనవాయితీ. దీపాల తీగలను పూర్తిగా పరిశీలించుటకు కూడా ఇదే అనువైన కాలం.

కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ మరియు కేంద్ర ప్రభుత్వపు మత్స్య నౌకా, ఇంజనీరింగు శిక్షణ సంస్థ యొక్క విశాఖపట్నం శాఖ ఈ రంగంలో శిక్షణ ఇచ్చుచున్నవి. నదులు, జలాశయాలలో తిరుగు యాంత్రిక పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం, 2021 వర్తిస్తుంది. గోదావరిపై పాపికొండల విహారం, నాగార్జునసాగర్ నుండి నాగార్జునకొండకు పోవు లాంచీలు ఇటువంటి ప్రయాణాలకు ఉదాహరణలు.

విద్యుత్ వలయం

చిన్న పడవలోని దీపాల వలయంలో క్రింది భాగాలు వరుసగా ఉంటాయి: బ్యాటరీ ధన ధ్రువం, ప్రధాన స్విచ్చి, ఫ్యూజు, దీపపు స్విచ్చి, దీపానికి పోవు తీగ, హోల్డరు, బల్బు, తిరుగు తీగ, రుణ ధ్రువపు పట్టీ, బ్యాటరీ రుణ ధ్రువం. కరెంటు ఈ మార్గమంతా తిరిగి రావలెను. మార్గంలో ఎక్కడ అడ్డు ఏర్పడినా దీపం మసకబారుతుంది లేదా ఆరిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదం గమనించదగినది. మోటారు వాహనాలలో చట్రపు ఇనుమే తిరుగు మార్గం. కొయ్య పడవలో, ఫైబర్ పడవలో అటువంటి లోహపు చట్రం లేదు. కావున ప్రతి దీపానికి రెండు తీగలు తప్పనిసరి. మోటారు మెకానిక్కులు అలవాటు కొద్దీ ధన తీగను మాత్రమే పరీక్షించి, తిరుగు తీగను మరచుట తరచుగా జరుగుతుంది. పడవలలో లోపాలు ఈ రెండవ తీగలోనూ సమానంగానే ఏర్పడతాయి.

పాత పడవలలో లోపాలకు కారణాలు

* చిలుము - ఉప్పునీటి తేమ రాగి తీగ పోగుల మధ్యకు కేశనాళికల వలె ప్రాకి, తొడుగు లోపల చాలా దూరం వరకు పచ్చని లేదా నల్లని పొరను కలిగిస్తుంది. పైకి తీగ కొత్తదిగానే కనబడుతుంది.
* మెలివేసిన జాయింట్లు - రెండు తీగలను చేతితో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఇంటిలో కొంతకాలం పనిచేయవచ్చును. పడవలో టేపు జిగురు ఎండకు కరగి, తేమను లోపలే నిలిపి ఉంచుతుంది.
* అదురు - ఇంజను కంపనం వలన స్క్రూలు వదులవుతాయి. తీగ వంగిన చోట పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి.
* రాపిడి - స్తంభం లోపలి నుండి గానీ, చెక్కకు వేసిన రంధ్రం గుండా గానీ పోవు తీగ తొడుగు అరిగి లోపలి రాగి బయటపడుతుంది.
* హోల్డరు తుప్పు - బల్బు అడుగున ఒత్తి ఉండవలసిన స్ప్రింగు తుప్పు పట్టి బలం కోల్పోతుంది.
* నీటి చేరిక - దీపపు గాజు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ గట్టిపడి చిట్లినచో నీరు లోపలికి చేరుతుంది.
* ఒకదానిపై ఒకటిగా చేర్చిన పరికరాలు - ఫోను చార్జరు, చేపలు వెదకు యంత్రం, డెక్కు దీపం మొదలయిన వాటిని నౌకాయాన దీపాల తీగకే తగిలించుట.

పరికరాలు, జాగ్రత్తలు

లోపాన్ని వెదకుటకు డిజిటల్ మల్టీమీటరు, 12 వోల్టుల టెస్టు ల్యాంపు, రెండు చివరల క్లిప్పులున్న పొడవాటి తీగ, సన్నని గరుకు కాగితం, సరిపడు కొత్త బల్బులు మరియు ఫ్యూజులు చాలును. పొడవాటి తీగ ఎందుకనగా, బ్యాటరీ అమరం వద్ద, దీపం అణియం (పడవ ముందు భాగం) వద్ద ఉన్నపుడు మీటరు తీగలు అంత దూరం అందవు.

పని ప్రారంభించుటకు ముందు పాటించవలసినవి:

* పెట్రోలుతో నడిచే బయటి ఇంజను ఉన్న పడవలో ఆవిరి పోవునట్లు మూతలన్నీ తీసి కొంతసేపు గాలి ఆడనివ్వవలెను.
* చార్జింగులో ఉన్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాని దగ్గర నిప్పురవ్వ రానీయరాదు.
* తీగలు విప్పునపుడు ముందుగా బ్యాటరీ రుణ ధ్రువాన్ని విడదీసి, చివరగా బిగించవలెను.
* విప్పుటకు ముందు ప్రతి తీగకు గుర్తు చీటీ కట్టి, ఒక కాగితంపై పటం గీసికొనవలెను. పాత పడవలో తీగ రంగును నమ్మరాదు. ఒకే వలయంలో మూడు రంగుల ముక్కలు కలిపి ఉండవచ్చును.

లోపాన్ని కనుగొను క్రమం

మొదట తీగలన్నీ పీకివేసి కొత్తవి వేయుట కంటె, తేలికైన పరీక్షల నుండి కష్టమైన వాటికి క్రమంగా పోవుట మేలు.

1. లక్షణాన్ని గమనించుట - ఒక్క దీపమే వెలగనిచో లోపం ఆ దీపంలో గానీ, దాని ప్రత్యేక తీగలో గానీ ఉంటుంది. దీపాలన్నీ ఒకేసారి ఆరినచో లోపం అందరికీ ఉమ్మడియైన భాగంలో, అనగా బ్యాటరీ, ప్రధాన స్విచ్చి, ఫ్యూజు లేదా ఉమ్మడి తిరుగు తీగలో ఉంటుంది. ఈ ఒక్క ఆలోచనతోనే సగం పని తగ్గుతుంది.

2. బ్యాటరీ - కొంతసేపు విశ్రాంతిగా ఉన్న నిండు సీసపు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 వోల్టుల కంటె తక్కువ చూపినచో ముందు దానిని చార్జి చేయవలెను. ధ్రువాల వద్ద తెల్లని పొడి ఉన్నచో శుభ్రపరచవలెను.

3. బల్బు - బల్బును తీసి మరొక చోట వెలిగించి చూడవలెను. పోగు బాగుగా ఉన్నట్లు కనబడుట చాలదు.

4. ఫ్యూజు - ఫ్యూజును తీసి మీటరుతో పరీక్షించి, దాని గూటిలోని రేకులను గరుకు కాగితంతో తుడువవలెను.

5. హోల్డరు వద్ద వోల్టేజి - బల్బు పెట్టి, స్విచ్చి వేసి, హోల్డరు రెండు కొనల మధ్య వోల్టేజిని కొలవవలెను. బల్బు తీసివేసి కొలిచినచో ఫలితం మోసపుచ్చవచ్చును. కరెంటు ప్రవహించనపుడు చిలుము పట్టిన జాయింటు సైతం పూర్తి 12 వోల్టులు చూపుతుంది. బల్బు పెట్టగానే అదే జాయింటు దగ్గర వోల్టేజి పడిపోతుంది.

6. నష్టం ఏ వైపున ఉన్నదో తెలిసికొనుట - దీపం వేసి ఉంచి, మీటరు ఒక కొనను బ్యాటరీ ధన ధ్రువంపైనా, మరొక కొనను హోల్డరు ధన కొనపైనా ఉంచవలెను. మీటరు చూపునది ధన మార్గంలో జరుగు నష్టం. అదే విధంగా రుణ వైపున కూడా కొలవవలెను.

7. సగం చేసికొనుచు పోవుట - నష్టం ఉన్న మార్గపు మధ్య జాయింటు వద్ద కొలిచి, లోపం ఏ సగంలో ఉన్నదో నిర్ణయించవలెను. తరువాత ఆ సగాన్ని తిరిగి సగం చేయవలెను. ఎనిమిది జాయింట్లున్నను మూడు కొలతలలో లోపం దొరుకుతుంది.

ఉదాహరణ

ఒక పడవలో పచ్చ దీపం మసకగా వెలుగుచున్నదని అనుకొందాము. దీపం వెలుగుచుండగా బ్యాటరీ వద్ద 12.5 వోల్టులు, హోల్డరు వద్ద 10.3 వోల్టులు ఉన్నవి. అనగా మార్గంలో 2.2 వోల్టులు నష్టపోవుచున్నవి. ధన వైపున కొలిచినపుడు 0.3, రుణ వైపున కొలిచినపుడు 1.9 వోల్టులు వచ్చినవి. కావున ధన తీగను ముట్టుకొన పనిలేదు. రుణ మార్గంలో బ్యాటరీ నుండి మధ్య జాయింటు వరకు 0.1, జాయింటుకు ఇరువైపులా 1.7, అక్కడి నుండి దీపం వరకు 0.1 వోల్టులు ఉన్నచో దోషి ఆ జాయింటే. మూడు అంకెల మొత్తం 1.9 అగుట వలన కొలతలు సరియైనవేనని కూడా తెలియుచున్నది.

నిరోధాన్ని కొలుచు పరీక్ష యొక్క పరిమితి

బ్యాటరీని విడదీసి, తీగ కొనల మధ్య నిరోధాన్ని ఓములలో కొలుచుట కూడా వాడుకలో ఉన్నది. పూర్తిగా తెగిన తీగను ఇది పట్టి ఇస్తుంది. అయితే పోగులన్నీ తెగి ఒక్కటి మాత్రమే మిగిలిన తీగ కూడా మీటరుపై దాదాపు సున్నా చూపుతుంది. మీటరు పంపు కరెంటు అతి స్వల్పం కనుక ఆ ఒక్క పోగు దానికి చాలును, బల్బుకు చాలదు. అందువలన మసక దీపాల విషయంలో వోల్టేజి నష్టాన్ని కొలుచు పద్ధతియే నమ్మదగినది.

ఫ్యూజు పదే పదే పోవుచున్నచో

ఇది రెండు తీగలు ఎక్కడో కలిసికొనుటకు గుర్తు. బల్బులన్నీ తీసివేసి, ఫ్యూజు గూటిలో ఫ్యూజుకు బదులు 21 వాట్ల 12 వోల్టుల బల్బును తీగలతో కలుపవలెను. స్విచ్చి వేసినపుడు అది పూర్తిగా వెలిగినచో తీగలు కలిసి ఉన్నవని అర్థం. ఇప్పుడు ఒక్కొక్క శాఖను విడదీయుచు పోగా, ఏ శాఖను విడదీసినపుడు బల్బు ఆరునో ఆ శాఖలోనే లోపం ఉన్నది. ఈ పద్ధతిలో ఫ్యూజులు వృథా కావు, తీగలు కాలవు.

ఫ్యూజు కాపాడునది తీగను గాని బల్బును కాదు. 10 వాట్ల బల్బులు మూడు ఉన్న వలయంలో కరెంటు 2.5 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. ఫ్యూజు స్థానంలో రాగి తీగ గానీ, సిగరెట్టు పెట్టెలోని తగరపు కాగితం గానీ పెట్టుట పడవకు నిప్పు పెట్టుకొనుటతో సమానం. డీజిలు, వలలు, ఫైబరు ఒక్కచోట ఉన్న పడవలో నిప్పు అంటుకొన్నచో తప్పించుకొనుటకు చోటుండదు.

లక్షణాలు, సాధ్యమగు కారణాలు

* దీపం ఎర్రబడి మసకగా వెలుగుట - జాయింటులో చిలుము, సన్నని తీగ, బలహీనమైన బ్యాటరీ.
* ఇంజను నడుచునపుడు మాత్రమే మినుకుమనుట - వదులైన స్క్రూ, హోల్డరు స్ప్రింగు, తెగుచున్న పోగులు.
* వర్షం తరువాత ఆరిపోవుట - దీపపు పెట్టెలో నీరు, తేమ పట్టిన జాయింటు.
* ఒక దీపం వేయగానే మరొకటి మసకబారుట లేదా స్వల్పంగా వెలుగుట - ఉమ్మడి తిరుగు తీగ ఎక్కడో తెగి, కరెంటు మరొక దీపం గుండా తిరుగు మార్గం వెదకుకొనుట.
* బల్బులు తరచు మాడిపోవుట - ఇంజను చార్జింగు వోల్టేజి అధికంగా ఉండుట, అదురు.
* స్విచ్చి వేడెక్కుట - స్విచ్చి లోపలి రేకులు అరుగుట.
* అన్ని స్విచ్చిలు ఆపినను బ్యాటరీ దిగిపోవుట - తేమ గుండా కరెంటు కారుట. ఈ కారుట వలన దగ్గరలోని లోహ భాగాలు వేగంగా క్షీణిస్తాయి.

తీగ మందం, వోల్టేజి నష్టం

కొత్త తీగ వేయునపుడు దాని మందం ముఖ్యం. నౌకాయాన దీపాల వలయంలో వోల్టేజి నష్టం 3 శాతానికి మించరాదని పడవల విద్యుత్ పనిలో సాధారణంగా పాటించు ప్రమాణం. 12 వోల్టులకు ఇది 0.36 వోల్టు.

ఉదాహరణకు బ్యాటరీకి 10 మీటర్ల దూరంలో 25 వాట్ల బల్బు ఉన్నదనుకొందాము. కరెంటు 25ను 12తో భాగించగా సుమారు 2.08 ఆంపియర్లు. పోవు తీగ, తిరుగు తీగ కలిపి పొడవు 20 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.0172 ఓములు. దీనిని బట్టి:

* 1 చ.మి.మీ. తీగలో నష్టం 0.72 వోల్టు, అనగా 6 శాతం.
* 1.5 చ.మి.మీ. తీగలో నష్టం 0.48 వోల్టు, అనగా 4 శాతం.
* 2.5 చ.మి.మీ. తీగలో నష్టం 0.29 వోల్టు, అనగా 2.4 శాతం.

కావున ఈ దీపానికి 2.5 చ.మి.మీ. తీగ వేయవలెను. పోగు బల్బుల కాంతి వోల్టేజితో పాటు చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గినచో కాంతి సుమారు 30 శాతం తగ్గుతుంది. 20 శాతం తగ్గినచో సగానికి పైగా కాంతి పోతుంది. ఒడ్డున నిలబడి చూచిన వానికి దీపం వెలుగుచున్నట్లే ఉంటుంది గాని, నియమం కోరిన దూరానికి అది కనబడదు.

శాశ్వత మరమ్మతు

* తగరం పూత పూసిన అనేక పోగుల రాగి తీగను వాడవలెను. ఇంటి వైరింగులో వాడు ఒంటి పోగు తీగ అదురుకు విరుగుతుంది.
* చిలుము పట్టిన తీగను మెరిసే రాగి కనబడు వరకు కత్తిరించవలెను. మెరుపు కనబడనిచో తీగ మొత్తాన్ని మార్చుటే మేలు.
* జాయింట్లను సరియైన సాధనంతో లగ్గులు నొక్కి చేసి, లోపల జిగురు గల వేడి తొడుగుతో మూయవలెను. నొక్కిన తరువాత గట్టిగా లాగి చూడవలెను.
* వీలయినంత వరకు జాయింట్లు లేకుండా ఒకే తీగను దీపం వరకు తీసికొనిపోవలెను. తప్పనిచో జాయింటును పడవ అడుగున నీరు నిలుచు భాగానికి పైన ఉంచవలెను.
* దీపంలోకి పోవుటకు ముందు తీగను క్రిందికి ఒక వంపు తిప్పవలెను. నీటి బొట్లు ఆ వంపు వద్ద క్రిందికి రాలిపోతాయి, దీపంలోకి పోవు.
* తీగకు అడుగడుగునా క్లిప్పులు బిగించి, చెక్క రంధ్రాలలో రబ్బరు తొడుగులు అమర్చవలెను.
* నౌకాయాన దీపాలకు ప్రత్యేకంగా ఒక ఫ్యూజు, ఒక వలయం కేటాయించవలెను.
* చివరగా వలయపు పటాన్ని గీసి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి స్విచ్చి పెట్టె మూత లోపల అంటించవలెను. తరువాత వచ్చు మెకానిక్కుకు అది ఎంతో సమయం మిగుల్చుతుంది.

మరమ్మతు పూర్తయిన తరువాత చీకటి పడిన వేళ పడవ చుట్టూ తిరిగి చూడవలెను. ఎరుపు, పచ్చ దీపాలు తారుమారు కాలేదని, సరిగ్గా ఎదుట నిలబడినపుడు రెండూ కనబడుచున్నవని, వెనుకకు పోయినపుడు రెండూ మరుగై తెల్లని దీపం కనబడుచున్నదని నిర్ధారించుకొనవలెను.

ఎల్.ఇ.డి. దీపాలు

ఎల్.ఇ.డి. దీపాలకు కరెంటు చాలా తక్కువ చాలును. పై ఉదాహరణలో 3 వాట్ల ఎల్.ఇ.డి. పెట్టినచో కరెంటు 0.25 ఆంపియరు, 1.5 చ.మి.మీ. తీగలో నష్టం 0.06 వోల్టు మాత్రమే. అయితే పాత పెట్టెలో ఎల్.ఇ.డి. బల్బు పెట్టునపుడు కొన్ని విషయాలు గమనించవలెను.

* తెల్లని ఎల్.ఇ.డి. కాంతి పచ్చ గాజు వెనుక నీలి ఛాయతో, ఎర్ర గాజు వెనుక వెలసినట్లు కనబడవచ్చును. దీపం మొత్తాన్ని ఆమోదం పొందిన కొత్త దానితో మార్చుట ఉత్తమం.
* పాత పెట్టెలోని అడ్డు రేకులు బల్బు పోగు ఉన్న స్థానాన్ని బట్టి అమర్చబడినవి. కాంతి వచ్చు స్థానం మారినచో 112.5 డిగ్రీల హద్దు కూడా మారుతుంది. ఎదుటి పడవకు తప్పుడు దిశ తెలుస్తుంది.
* కొన్ని ఎల్.ఇ.డి.లకు ధన, రుణ తీగలు మారినచో అవి వెలగవు.
* చౌక రకపు ఎల్.ఇ.డి.లు వి.హెచ్.ఎఫ్. రేడియోలో గరగర శబ్దం కలిగిస్తాయి. దీపం వేసి, ఆపి, రేడియో విని పోల్చి చూడవలెను.
* తక్కువ కరెంటు వలన చిలుము పట్టిన జాయింటుతో కూడా ఎల్.ఇ.డి. వెలుగవచ్చును. దీనితో లోపం తొలగినట్లు కాదు. అది మరికొంత కాలం దాగి ఉన్నదని మాత్రమే అర్థం.

సముద్రంలో ఉండగా దీపం ఆరినచో

వేటలో ఉండగా మరమ్మతు సాధ్యం కానపుడు, బ్యాటరీతో వెలుగు విడి దీపాలను తగిన స్థానాలలో కట్టవలెను. ఇటువంటి ఒక జత పడవలో ఎల్లపుడూ ఉంచుకొనుట మంచిది. అవి కూడా లేనిచో, ఓడ సమీపించుచున్నపుడు టార్చి కాంతిని తమ పడవపై, తెరచాపపై వేసి ఉనికిని తెలుపవలెను. టార్చిని ఓడ నడుపువారి కళ్ళలోకి కొట్టరాదు. వి.హెచ్.ఎఫ్. రేడియో 16వ ఛానెలులో ఓడను పిలువవచ్చును. ఆపదలో భారత తీర రక్షక దళాన్ని 1554 సంఖ్యకు పిలువవచ్చును.

దీపం పోయినదని రంగురంగుల మినుకు దీపాలు కట్టుట సరికాదు. ఎరుపు, పచ్చ, తెలుపు రంగులకు సముద్రంలో నిశ్చితమైన అర్థాలున్నవి. అడ్డదిడ్డముగా వెలుగు రంగుల వలన ఎదుటివారు పడవ దిశను తప్పుగా గ్రహిస్తారు. డెక్కుపై వెలుగు పెద్ద తెల్ల దీపాలు కూడా పక్క దీపాలను మరుగుపరచుటే కాక, చుక్కాని పట్టినవాని కళ్ళకు చీకటి చూపును పోగొడతాయి.

ప్రాముఖ్యత

2017 జూన్ 11 తెల్లవారుజామున కొచ్చి తీరానికి సమీపంలో లంగరు వేసి ఉన్న కార్మెల్ మాత అను వేట పడవను ఆంబర్ ఎల్ అను సరకుల ఓడ ఢీకొనగా మత్స్యకారులు ప్రాణాలు కోల్పోయారు. 2021 ఏప్రిల్ 13 తెల్లవారుజామున మంగళూరుకు దూరంగా సముద్రంలో రబా అను వేట పడవ, ఎ.పి.ఎల్. లె హావ్రే అను ఓడ ఢీకొన్నవి. పడవలోని 14 మందిలో ఇద్దరు మాత్రమే బ్రతికి బయటపడ్డారు. ఈ ప్రమాదాలకు దీపాల లోపమే కారణమని చెప్పుటకు లేదు. అయితే పెద్ద ఓడకు, చిన్న పడవకు రాత్రి వేళ ఢీ జరిగినచో ఫలితం ఎట్లుండునో ఇవి తెలుపుచున్నవి. పెద్ద ఓడ ఆగుటకు గానీ, మలుపు తిరుగుటకు గానీ చాలా దూరం పడుతుంది. 15 నాట్ల వేగంతో వచ్చు ఓడ ఒక నాటికల్ మైలును 4 నిమిషాలలో దాటుతుంది. చిన్న పడవ పక్క దీపం నియమం ప్రకారం కనబడవలసిన దూరం ఆ ఒక్క మైలే. దీపం మసకబారి సగం దూరానికే కనబడినచో ఓడకు మిగులునది 2 నిమిషాలు మాత్రమే.

సముద్రానికి దూరంగా ఉన్న ప్రాంతాలలో

రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు పరిసరాలు సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. ఇక్కడి వారికి దగ్గరగా ఉన్న పెద్ద జలాశయాలు 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ (గండిపేట), 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్. అయినను ఈ వ్యాసంలోని పరీక్షలు దొంతన్‌పల్లి వంటి గ్రామాలలోని విద్యార్థులు కూడా చేసి నేర్చుకొనదగినవే. ట్రాక్టరు ట్రాలీ వెనుక ఎర్ర దీపం పడవ వెనుక దీపం చేయు పనినే చేస్తుంది. అది కూడా 12 వోల్టులదే. అక్కడ ఉప్పుగాలికి బదులు బురద, ఎరువు, అదురు జాయింట్లను పాడుచేస్తాయి. ట్రాక్టరును, ట్రాలీని కలుపు ప్లగ్గు వద్ద, చట్రానికి బిగించిన తిరుగు తీగ స్క్రూ వద్ద లోపం ఎక్కువగా ఉంటుంది. దీపం వెలుగుచుండగా వోల్టేజి నష్టాన్ని కొలుచు పద్ధతి రెండు చోట్లా ఒక్కటే. రాత్రి వేళ రోడ్డుపై దీపం లేక నిలిచిన ట్రాలీని ఢీకొను ద్విచక్ర వాహనదారునికి, దీపం లేని పడవలోని మత్స్యకారునికి కలుగు అపాయం కూడా ఒక్కటే.

పాఠశాల ప్రయోగశాలలో ఒక 12 వోల్టుల బ్యాటరీ, ఒక బల్బు, 20 మీటర్ల సన్నని తీగ, ఉప్పునీటిలో కొన్నాళ్ళు నానబెట్టిన ఒక మెలిక జాయింటు ఉన్నచో, ఓము నియమాన్ని ఈ వలయంపైనే కొలిచి చూపవచ్చును. బల్బు తీసి కొలిచినపుడు, పెట్టి కొలిచినపుడు జాయింటు చూపు రెండు వేరువేరు అంకెలు విద్యార్థులకు కరెంటుకు, వోల్టేజికి గల సంబంధాన్ని స్పష్టంగా బోధపరుస్తాయి.